పాత పుస్తకాల స్కాన్లు, వాటి వివరాలు: ఎంత పెరిగినా తట్టుకునే స్టోరేజ్ ఎలా కట్టుకోవాలి

"స్కాన్లు మూడు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి, వివరాలు ఎక్సెల్‌లో ఉన్నాయి. ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియట్లేదు. ఇప్పుడేం చేయాలి?" పాత తెలుగు పుస్తకాలూ పత్రికలూ స్కాన్ చేసి దాచే వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. కాలేజీ లైబ్రరీ అయినా, ఊళ్లోని గ్రంథాలయమైనా, తాతగారి బీరువా ఖాళీ చేస్తున్న మనవడైనా బాధ ఒకటే. మొదటి వంద పుస్తకాల వరకు ఏ పద్ధతైనా నడిచిపోతుంది. వెయ్యి దగ్గరపడే సరికి అదే పద్ధతి మెడకు చుట్టుకుంటుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం ఒప్పుకుందాం. స్కాన్ ఒకసారి తీశాక మారదు. దాని గురించిన వివరాలు మాత్రం మారుతూనే ఉంటాయి. రచయిత ఫలానా ఆయన కాదని తేలుతుంది, సంచిక తేదీ తప్పని తెలుస్తుంది, రెండు పేర్లు ఒకే మనిషివని ఎవరో ఫోన్ చేసి చెబుతారు. మారనిదాన్నీ మారేదాన్నీ ఒకే చోట ముడేసి పెట్టడం వల్లే తలనొప్పులన్నీ వస్తాయి. కింద చెప్పేదంతా ఆ ముడి విప్పడం గురించే.

కావలసినవి

- ఒక కంప్యూటర్. లినక్స్ అయితే మేలు, విండోస్ అయినా ఇబ్బంది లేదు.
- డేటాబేస్. నలుగురు కలిసి పనిచేస్తే పోస్ట్‌గ్రెస్, ఒక్కరే అయితే ఎస్‌క్యూలైట్.
- ఫైళ్లకు చోటు. మొదట్లో మామూలు హార్డ్‌డిస్క్ చాలు.
- ఇంకో రెండు హార్డ్‌డిస్కులు. వాటిలో ఒకటి వేరే ఇంట్లోనో వేరే ఊళ్లోనో ఉండాలి.
- పైథాన్ కాస్త తెలిసిన మనిషి.
- అట్ట చిరిగిన పత్రికను చూసి ఇది ఏ సంచికో చెప్పగల మనిషి. నిజానికి దొరకనిది ఈ మనిషే. ముందు వీరిని పట్టుకోండి, హార్డ్‌డిస్క్ రేపైనా కొనుక్కోవచ్చు.

1. ముందు లెక్క వేయండి

డెమ్మీ 1/8 సైజు పుస్తకం పేజీ 5.5 × 8.5 అంగుళాలు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 1650 × 2550 పిక్సెళ్లు, అంటే సుమారు 42 లక్షలు. రంగుల్లో ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు కాబట్టి, కుదించని టిఫ్ ఫైల్ పేజీకి 12.6 ఎంబీ వస్తుంది. 200 పేజీల పుస్తకం 2.5 జీబీ, వెయ్యి పుస్తకాలు 2.5 టీబీ. 400 డీపీఐ కావాలంటే ఇది దాదాపు 1.8 రెట్లు అవుతుంది. మూడు ప్రతులు దాచాలి కాబట్టి మూడుతో గుణించండి.

ఇప్పుడు వివరాల వైపు చూడండి. పేజీలోని పాఠమంతా ఎక్కించినా, అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు విడివిడిగా కలిపి 2 వేల సంకేతాలున్నాయనుకుంటే, యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి) ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 6 కేబీ. వెయ్యి పుస్తకాల 2 లక్షల పేజీలకు కలిపి 1.2 జీబీ. ఒకటి టెరాబైట్లలో, ఇంకొకటి పెన్‌డ్రైవ్‌లో పట్టేంత. ఈ రెండిటికీ ఒకే ఇల్లు ఎందుకు సరిపోదో ఈ లెక్కే చెబుతుంది. బొమ్మలను డేటాబేస్‌లో కూరకండి. డేటాబేస్ బ్యాకప్ ఐదు నిమిషాల్లో అయిపోవాల్సింది రాత్రంతా నడుస్తుంది.

2. ఫైల్‌కు పుస్తకం పేరు పెట్టకండి

చాలామంది "రచయిత పేరు, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ" అని ఫైల్ పేరులోనే అన్నీ ఇరికిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. రచయిత పేరు సరిదిద్దాల్సిన రోజున రెండు వందల ఫైళ్ల పేర్లు మార్చాలి, వాటికి ఇచ్చిన లింకులన్నీ తెగిపోతాయి.

తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. "కృష్ణశాస్త్రి" తెరమీద నాలుగు అక్షరాలే. లోపల మాత్రం ఒత్తులు, గుణింతాలు, పొల్లులు కలిపి 13 సంకేతాలు, అంటే 39 బైట్లు. లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ ఒక్కో ఫైల్ పేరుకు 255 బైట్లే ఇస్తుంది. ఇంటిపేరుతో సహా రచయిత పేరు, పొడుగాటి శీర్షిక, ఉపశీర్షిక అన్నీ పెడితే కాపీ చేసేటప్పుడు మధ్యలో ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో అర్థం కాక సగం రోజు పోతుంది.

దీనికి బదులు ఫైల్‌లోని బైట్ల నుంచే పేరు పుట్టించండి. షా-256 అనే లెక్క ఏ ఫైల్‌కైనా 64 అంకెల గుర్తు ఇస్తుంది. ఒక్క బిట్ మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. లినక్స్‌లో షా256సమ్ కమాండ్, విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ ఈ పని చేస్తాయి. గుర్తులో మొదటి రెండు అంకెలు ఒక ఫోల్డర్, తర్వాతి రెండు దాని లోపలి ఫోల్డర్. గుర్తు 7304 తో మొదలైతే, 73 లో 04 లో ఆ ఫైల్ ఉంటుంది. ఇవి హెక్స్ అంకెలు (0 నుంచి 9, a నుంచి f, మొత్తం 16 రకాలు) కాబట్టి రెండు అంకెలకు 256 రకాలు, మొత్తం 256 × 256, అంటే 65,536 ఫోల్డర్లు. 10 లక్షల ఫైళ్లున్నా ఒక్కో ఫోల్డర్‌లో సగటున పదిహేనే పడతాయి. ప్రోగ్రామర్లు రోజూ వాడే గిట్ లోపల జరిగేది కూడా దాదాపు ఇదే.

జాగ్రత్తలు:

- స్కానర్ ఇచ్చిన అసలు పేరును పారేయకండి, డేటాబేస్‌లో ఒక కాలమ్‌లో రాసుకోండి. ఏ పెట్టెలో ఎన్నో పేజీయో చెప్పే ఆధారం ఒక్కోసారి అదొక్కటే.
- ఫోటో చూసే ప్రోగ్రాముల్లో "తిప్పు" బటన్ నొక్కితే కొన్ని అడక్కుండానే ఫైల్‌ను తిరగరాస్తాయి. గుర్తు మారిపోతుంది. అందుకే అసలు ఫైళ్ల ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే వీలుగా పెట్టాలి.
- గుర్తు ఒకటే అయితే ఫైల్ ఒకటే. కానీ ఒకే పేజీని రెండుసార్లు స్కాన్ చేస్తే గుర్తులు వేరు. ఒకే పుస్తకం రెండుసార్లు స్కాన్ అయిందా అన్నది ఇది చెప్పలేదు. ఆ పని వివరాలది.

గుర్తుల గొడవ వద్దనుకునే వాళ్లు ప్రతి ఫైల్‌కూ ఒక యూయూఐడీ (మరే ఫైల్‌కూ రాని యాదృచ్ఛిక గుర్తు) ఇచ్చుకోవచ్చు. తప్పేం లేదు. అప్పుడైనా షా-256 గుర్తును డేటాబేస్‌లో రాసి ఉంచండి. ఫైల్ పాడైందో లేదో చూసుకోవడానికి వేరే దారి లేదు.

3. వివరాలను నాలుగు అంతస్తులుగా విడదీయండి

రచన, ముద్రణ, ప్రతి, స్కాన్. ఈ నాలుగూ వేర్వేరు టేబుళ్లు.

రచన అంటే రాసినది. ముద్రణ అంటే అది ఫలానా సంవత్సరం, ఫలానా ప్రెస్సులో అచ్చయిన రూపం. ప్రతి అంటే మీ చేతిలో ఉన్న, మొదటి పేజీ చిరిగిపోయిన, ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసిన ఆ పుస్తకం. స్కాన్ అంటే దానికి మీరు తీసిన బొమ్మల వరస. గ్రంథాలయాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 1998లో ఇచ్చిన నమూనా దీనికంటే కాస్త పెద్దది. మన పనికి ఈ మాత్రం సరిపోతుంది.

చిరిగిన పేజీ ముద్రణ తప్పు కాదు, ప్రతి తప్పు. అది ఏ టేబుల్‌లో రాయాలో తెలియకపోతే, రేపు ఇంకో లైబ్రరీలో మంచి ప్రతి దొరికినప్పుడు ఇరుక్కుంటారు.

కన్యాశుల్కం తీసుకోండి. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి మళ్లీ వేశారు. రెండూ ఒక రచనకు రెండు ముద్రణలా, లేక రెండు రచనలా? నా ఓటు రెండోదానికే. పాఠం అంతగా మారితే రెండు రచనలుగా పెట్టి, మధ్యలో "ఇది దానికి తిరగరాత" అని లంకె వేయండి. అచ్చుతప్పులు సరిదిద్ది మళ్లీ వేస్తే అది ఇంకో ముద్రణ మాత్రమే. మీరు ఇంకోలా నిర్ణయించుకున్నా ఫర్వాలేదు. నిర్ణయం ఒక పేజీలో రాసి గోడకు అంటించండి. ముగ్గురు మూడు రకాలుగా ఎక్కిస్తే తర్వాత విడదీయడం మహా కష్టం.

పత్రికలైతే ముద్రణ బదులు సంచిక ఉంటుంది. ఒక సంచికలో ఇరవై రచనలు, ఒక సీరియల్ నవల ముప్పై సంచికల్లో. కాబట్టి రచనకూ సంచికకూ మధ్య నేరుగా కాలమ్ పెట్టకుండా లంకెల టేబుల్ ఒకటి పెట్టుకోవాలి. ఒక్కో వరసలో ఏ రచన, ఏ సంచిక, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు, ఎన్నో భాగం అన్నవి ఉంటాయి. "తరువాయి 42వ పేజీలో" అన్న పాత అలవాటు గుర్తుంది కదా. అలా రెండు ముక్కలైన కథకు రెండు వరసలు.

4. పేరు వేరు, మనిషి వేరు

తెలుగు సాహిత్యంతో పనిచేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రచన వరసలో "రచయిత" అని ఒక కాలమ్ పెట్టి అందులో పేరు టైపు చేస్తారు. ఏడాది తిరిగే సరికి శ్రీశ్రీ, శ్రీ శ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు, ఎస్. శ్రీనివాసరావు అని నలుగురు తయారవుతారు. ఇటు చూస్తే బీనాదేవి అన్నది ఒక్క పేరు, రాసింది భార్యాభర్తలిద్దరు. ఒక పేరు వెనక ఒక మనిషే ఉంటారన్న ఊహతో టేబుల్ గీస్తే ఇవేవీ పట్టవు.

ఇలా చేయండి:

- వ్యక్తుల టేబుల్: ఒక్కో మనిషికి ఒక్క వరస. పుట్టిన, పోయిన సంవత్సరాలు ఇక్కడే.
- పేర్ల టేబుల్: అచ్చులో కనిపించిన ప్రతి రూపానికీ ఒక వరస.
- ఏ పేరు ఏ వ్యక్తిదో చెప్పే లంకె.
- రచనకూ పేరుకూ లంకె. అందులో పాత్ర కూడా రాయండి: రచయిత, అనువాదకులు, సంపాదకులు, బొమ్మలు వేసినవారు.

ప్రతి లంకెకూ "ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు" అని రెండు కాలమ్‌లు తప్పకుండా ఉండాలి. మారుపేర్ల విషయంలో పండితుల మధ్యే ఏకాభిప్రాయం ఉండదు. ఒకరు చెప్పింది చెరిపి ఇంకొకరిది రాయకండి. కొత్త వరస చేర్చి, పాతదాన్ని "చెల్లదు" అని గుర్తు పెట్టి వదిలేయండి.

ఇంత శ్రమ ఎందుకంటే, కాపీరైట్ లెక్క దీని మీదే నడుస్తుంది. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచయిత పోయిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. చలం 1979లో పోయారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు 2040 జనవరి 1 నుంచి అందరివీ అవుతాయి. ఇద్దరు కలిసి రాస్తే చివరగా పోయినవారి నుంచి లెక్క. రచయిత ఎవరో తెలియకపోతే అచ్చయిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు. కాబట్టి "హక్కులు తీరాయి: అవును/కాదు" అని కాలమ్ పెట్టి చేత్తో నింపకండి. పోయిన సంవత్సరం వ్యక్తి వరసలో ఉంటే అడిగినప్పుడల్లా లెక్క దానంతటదే వస్తుంది. ఆ సంవత్సరం ఒకచోట దిద్దితే ఆయన రాసిన మూడు వందల వ్యాసాలకూ ఒకేసారి దిద్దినట్టే. అనువాదమైతే మూల రచయితనూ అనువాదకులనూ ఇద్దరినీ చూడాలన్నది మర్చిపోకండి.

5. తేదీకి మూడు కాలమ్‌లు

పాత పత్రికల మీద "రుధిరోద్గారి నామ సంవత్సర పుష్యము" అని ఉంటుంది. ఈ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. రుధిరోద్గారి 1923-24లో ఉంది, మళ్లీ 1983-84లో ఉంది. పైగా సంవత్సరం ఉగాదికి మారుతుంది. భారతి పత్రిక మొదలైన 1924 జనవరిలో నడుస్తున్నది రుధిరోద్గారి, ఆ ఏడాది ఉగాది నుంచి రక్తాక్షి. కాబట్టి 1924 అనగానే ఒక్క పేరు రాదు, పేరు చెప్పగానే ఒక్క ఇంగ్లీషు సంవత్సరం రాదు.

అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో అక్షరాలుగా రాయండి. "ఎప్పటి నుంచి", "ఎప్పటి వరకు" అని ఇంకో రెండు తేదీ కాలమ్‌లు పెట్టండి. నెల తెలియకపోతే ఆ రెండిటి మధ్య ఏడాది ఎడం ఉంటుంది, తెలిస్తే నెల రోజులు. కొత్త ఆధారం దొరికినప్పుడు ఎడం తగ్గించుకుంటూ పోవచ్చు.

తెలియని తేదీకి జనవరి 1 అని పెట్టే అలవాటు మానుకోండి. సాఫ్ట్‌వేర్ ఖాళీ వదలనివ్వకపోతే సాఫ్ట్‌వేర్‌నే మార్చండి. మీ డేటాలో జనవరిలో వచ్చిన పుస్తకాలు మిగతా నెలలకంటే విపరీతంగా ఎక్కువ కనిపిస్తే, ఎవరో ఈ పని చేశారన్నమాట.

6. వెతికే రూపం వేరుగా ఉంచండి

"సాఫ్ట్‌వేర్" అనే మాటలో ట్ తర్వాత కనిపించని ఒక సంకేతం ఉంటుంది, పొల్లుకు కింద వత్తు చేరకుండా ఆపేది. కొందరి కీబోర్డు అది వేస్తుంది, కొందరిది వేయదు. చదివేవాళ్లకు ఒకే మాట అయినా డేటాబేస్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఐత్వం సంగతీ అంతే: "ై" ఒకే సంకేతంగా రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు.

ఇక పాత అచ్చులో వ్రాసిన, రాసిన, అరసున్నలు, శకటరేఫ ఱ, పణ్డితుడు, పండితుడు. చూపించేటప్పుడు ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, వెతికేటప్పుడు మాత్రం కలిసిపోవాలి. అందుకని ప్రతి పేరుకూ శీర్షికకూ రెండు రూపాలు దాచండి. ఒకటి అచ్చులో ఉన్నది. రెండోది ప్రోగ్రామ్ తయారుచేసేది: ముందు యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ముక్కలుగా వచ్చినవాటిని ఒకే సంకేతంగా కలిపేది) మార్చి, కనిపించని సంకేతాలు తీసేసి, అరసున్న తీసేసి, ఱ ను ర చేసి, వర్గ అనునాసికాన్ని సున్నగా మార్చి, వ్రా ను రా చేసి. వెతికే మాటను కూడా ఇదే ప్రోగ్రామ్ గుండా పంపాలి. ఒక వైపే చేసి వదిలేసి "సెర్చ్ పనిచేయట్లేదు" అనేవాళ్లు చాలామంది.

పోస్ట్‌గ్రెస్‌లో తెలుగు విభక్తులను విడగొట్టే ఏర్పాటు లేదు. "గోదావరి" అని వెతికితే "గోదావరిలో" దానంతటది దొరకదు. మాటను మూడేసి సంకేతాల ముక్కలుగా చూసే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే మాటలో కొంత భాగం కలిసినా పట్టుకుంటుంది. డేటాబేస్ లొకేల్ (ఏ భాష అక్షరాల నియమాలు పాటించాలో చెప్పే సెట్టింగ్) "సి" గా పెడితే మాత్రం ఇది తెలుగు అక్షరాలను అసలు పట్టించుకోదు. డేటాబేస్ తయారుచేసే రోజే యూటీఎఫ్-8 లొకేల్ ఎంచుకోండి.

పాత డీటీపీ ఫైళ్లు యూనికోడ్ కాని "అను" ఫాంట్లలో ఉంటే వాటిని యూనికోడ్‌కు మార్చాకే ఎక్కించాలి. అసలు ఫైల్ కూడా దాచండి. మార్చే ప్రోగ్రాములు కొన్ని వత్తులను మింగేస్తాయి.

7. ఎక్కించే వరస తప్పకండి

ముందు ఫైల్, తర్వాత వివరాలు. విడివిడిగా చెబితే:

1. ఫైల్‌ను తాత్కాలిక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి.
2. అక్కడ గుర్తు లెక్కించి, మూలంతో పోల్చండి.
3. గుర్తు చెప్పిన చోటికి జరపండి. అక్కడ అదే ఫైల్ ముందే ఉంటే జరపక్కర్లేదు.
4. అప్పుడు డేటాబేస్‌లో వరసలన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి. రాస్తే అన్నీ, లేకపోతే ఏదీ లేదు.

మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? వివరాలు లేని ఫైల్ ఒకటి మిగులుతుంది. కాస్త చోటు దండగ, అంతే. వరస తిప్పితే వివరాలు ఉండి ఫైల్ లేని పరిస్థితి వస్తుంది. పాఠకుడు నొక్కితే ఖాళీ పేజీ. మళ్లీ మొదటి నుంచి నడిపినా నష్టం లేకుండా ఎక్కించే స్క్రిప్టు (ఈ పనులు చేసే చిన్న ప్రోగ్రామ్) ఉండాలి, ఎందుకంటే మళ్లీ నడపాల్సిన రోజు వస్తుంది.

తీసేయడం దీనికి తిరగేసి: ముందు డేటాబేస్‌లో "తీసేశాం" అని గుర్తు, ఫైల్ తర్వాత. ఏ వరసా వాడని ఫైళ్లను ఏరే స్క్రిప్టు వాటిని అప్పటికప్పుడు చెరపకూడదు. జాబితాలో పెట్టి 30 రోజులు ఆగాలి. ఈలోగా ఎవరైనా అదే ఫైల్ మళ్లీ ఎక్కిస్తే జాబితా నుంచి తప్పించాలి, చెరిపే క్షణంలో మరోసారి చూసుకోవాలి. ఈ ఆఖరి మాట పట్టించుకోకపోతే, ఇప్పుడే ఎక్కించిన పుస్తకం కళ్లముందే మాయమవుతుంది.

8. పుట్టించిన ఫైళ్లు వేరే చోట

వెబ్‌లో చూపించే జేపెగ్, చిన్న బొమ్మలు, పీడీఎఫ్, టెసరాక్ట్ లాంటి ప్రోగ్రామ్ బొమ్మను చదివి అక్షరాలుగా తీసిన ఓసీఆర్ పాఠం, ఇవన్నీ అసలు స్కాన్ నుంచి మళ్లీ పుట్టించుకోవచ్చు. వీటికి వేరే ఫోల్డర్ లేదా వేరే బకెట్ (క్లౌడ్‌లో ఫోల్డర్ లాంటిది). ఏ ప్రోగ్రామ్, ఏ వెర్షన్, ఏ రోజు అని రాసుకోండి. చోటు చాలకపోతే చెరపాల్సింది వీటినే, బ్యాకప్ అక్కర్లేనివి కూడా ఇవే.

ఒక్క మినహాయింపు. ఎవరైనా కూర్చుని చేత్తో దిద్దిన ఓసీఆర్ పాఠం పుట్టించింది కాదు, అది మనిషి శ్రమ. దాన్ని అసలు ఫైళ్లతో సమానంగా దాచాలి. దిద్దిన పాఠం మీదికి కొత్త ఓసీఆర్ రాసేసి నెలల పని పోగొట్టుకున్న సంస్థలున్నాయి.

9. పెరిగినప్పుడు ఏం మార్చాలి

డేటాబేస్‌లో పూర్తి ఫోల్డర్ దారి గానీ వెబ్ చిరునామా గానీ రాయకండి. గుర్తు మాత్రమే రాయండి. ఫైళ్లు ఏ డిస్కులో, ఏ బకెట్‌లో ఉన్నాయన్నది సెట్టింగ్స్‌లో ఒక్క చోట ఉండాలి. అప్పుడు డిస్క్ నుంచి నాస్‌కు (నెట్‌వర్క్‌లో అందరూ వాడే డిస్కుల పెట్టె), నాస్ నుంచి అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3కి మారినా డేటాబేస్‌లో ఒక్క వరస కదలదు.

అమెజాన్ క్లౌడ్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి కేంద్రాలున్నాయి. ఒకదానిలో అసలు, ఇంకొకదానిలో నకలు పెట్టుకోవచ్చు. ధర చూసేటప్పుడు నెలవారీ అద్దె ఒక్కటే చూడకండి. బయటికి దించుకున్నప్పుడు పడే ఛార్జీ అసలు దెబ్బ. అరుదుగా తీసే ఫైళ్ల కోసం ఎస్3లో ఉన్న గ్లేషియర్ డీప్ ఆర్కైవ్ చవకే, కానీ ఫైల్ అడిగితే చేతికి రావడానికి మామూలు పద్ధతిలో 12 గంటల వరకు పడుతుంది. 180 రోజుల్లోపు చెరిపినా మిగతా రోజుల డబ్బు కట్టాలి. అసలు టిఫ్‌లకు అది బాగుంటుంది, పాఠకులు చూసే జేపెగ్‌లకు పనికిరాదు.

ఇంకో పొరపాటు: ఎస్3 ఒక్కో ఫైల్‌కు ఇచ్చే ఈట్యాగ్ అనే గుర్తును ఫైల్ చెక్‌సమ్ (షా-256 లాగా ఫైల్ బైట్ల నుంచి లెక్కించేది) అనుకోవడం. పెద్ద ఫైళ్లను ముక్కలుగా ఎక్కించినప్పుడు అది మొత్తం ఫైల్ ఎండీ5 (షా-256 లాంటి పాత లెక్క) కాదు. మీ షా-256నే నమ్ముకోండి.

డేటాబేస్ వైపు టెన్షన్ పడకండి. 2 లక్షల పేజీలు, 10 లక్షల లంకెలు పోస్ట్‌గ్రెస్‌కు ఏ మూలకూ రావు. నెమ్మదించిందంటే ఎక్కువసార్లు కారణం ఇవే: లంకెల టేబుల్‌లో ఒక వైపే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) ఉండటం (రచన నుంచి వ్యక్తికి వేగంగా వెళ్తుంది, వ్యక్తి నుంచి రచనలకు పాకుతూ వస్తుంది), లేదా జాబితాలో "మొదటి 50 వేలు వదిలేసి తర్వాతి 20 ఇవ్వు" అని అడగడం. మొదటిదానికి రెండు వైపులా ఇండెక్స్, రెండోదానికి "ఈ ఐడీ తర్వాతి 20 ఇవ్వు" అన్న పద్ధతి. లంకెల కోసమే చేసిన గ్రాఫ్ డేటాబేస్ కావాలా అని అడుగుతుంటారు. రచయిత, ఆయన పత్రిక, ఆ పత్రికలో రాసిన ఇతరులు అన్నంత దూరానికి లంకెల టేబుల్ హాయిగా సరిపోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే దాన్ని చూసుకునే మనిషిని కూడా పెట్టుకోవాలి.

10. బ్యాకప్

మూడు ప్రతులు, రెండు రకాల చోట్లలో, ఒకటి వేరే ఊళ్లో. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా చాలా డిస్కులను జతచేసే ఏర్పాటు) ఉంది కదా అంటారు. ఒక డిస్క్ చచ్చిపోతే రెయిడ్ కాపాడుతుంది. మీరే పొరపాటున చెరిపితే, అది ఆ చెరపడాన్ని కూడా నమ్మకంగా అన్ని డిస్కుల్లో చేస్తుంది.

ముందు డేటాబేస్ డంప్ (మొత్తం డేటాబేస్‌ను ఒక ఫైల్‌గా రాసినది) తీయండి, తర్వాత ఫైళ్లు కాపీ చేయండి. అప్పుడు డంప్‌లో ఉన్న ప్రతి ఫైలూ కాపీలో కచ్చితంగా ఉంటుంది. తిరగేస్తే, మధ్యలో ఎక్కినవాటికి వివరాలు ఉండి ఫైళ్లు ఉండవు. ఆ సమయంలో వాడని ఫైళ్లను ఏరే స్క్రిప్టును ఆపేయడం మరవద్దు.

నెలకోసారి ప్రతి పుస్తకం వివరాలనూ ఒక చిన్న జేసన్ ఫైల్‌గా (మామూలు అక్షరాల ఫైలే) రాసి అసలు ఫైళ్ల పక్కన పడేయండి. పదేళ్ల తర్వాత పోస్ట్‌గ్రెస్ తెలిసినవాళ్లు మీ సంస్థలో లేకపోయినా, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు.

సరిగ్గా కుదిరిందా? ఇలా చూసుకోండి

- డేటాబేస్‌లోని గుర్తుల జాబితా, డిస్కులోని ఫైళ్ల జాబితా పోల్చండి. డేటాబేస్‌లో ఉండి డిస్కులో లేనివి సున్నా రావాలి. డిస్కులో ఉండి డేటాబేస్‌లో లేనివి కొన్ని ఉండొచ్చు, 30 రోజులకంటే పాతవి ఉండకూడదు.
- ప్రతి నెలా పన్నెండో వంతు ఫైళ్లకు గుర్తు మళ్లీ లెక్కించి పోల్చండి. ఏడాదిలో అన్నీ ఒకసారి చూసినట్టవుతుంది. తేడా వస్తే వెంటనే మంచి ప్రతి నుంచి తెచ్చుకోండి, ఆ డిస్కును మార్చే ఆలోచన మొదలుపెట్టండి.
- ఆరు నెలలకోసారి ఖాళీ కంప్యూటర్ మీద బ్యాకప్ నుంచి మొత్తం నిలబెట్టండి. ఈ పని మీరు కాకుండా ఇంకొకరు, మీరు రాసిన కాగితం చూసి చేయాలి. మీకు ఫోన్ చేయాల్సి వచ్చిందంటే కాగితంలో ఏదో తగ్గింది.
- "వ్రాత", "రాత" రెండూ వెతకండి, ఒకే ఫలితాలు రావాలి. ఒకే మాటను ఫోన్ నుంచి, కంప్యూటర్ నుంచి టైపు చేసి చూడండి.
- ఒక వ్యక్తి పోయిన సంవత్సరం మార్చి, ఆయన రచనల హక్కుల లెక్క మారిందో లేదో చూసి, వెనక్కి మార్చేయండి.

ఇప్పటికే గజిబిజిగా ఉన్నవాళ్లకు

దేన్నీ చెరపకండి, దేని పేరూ మార్చకండి. ఉన్న హార్డ్‌డిస్కులన్నిటినీ చదవడానికి మాత్రమే తగిలించి, ప్రతి ఫైల్ గుర్తు, సైజు, దారి ఒక టేబుల్‌లోకి ఎక్కించండి. పాత డిస్కులు నెమ్మదిగా నడుస్తాయి, ఒకటి రెండు రాత్రులు వదిలేయండి. ఒకే గుర్తు ఎన్నిచోట్ల ఉందో చూస్తే, ఉన్నాయనుకున్న ఫైళ్లలో చాలావరకు నకళ్లేనని తేలడం మామూలే. ఆ తర్వాత ఎక్సెల్‌లోని వరసలను ఫైల్ దారులతో జత చేయండి. జత కుదరనివి వేరే జాబితాగా తీసి, ఆ పాత పత్రికలు తెలిసిన మనిషి ముందు పెట్టండి.

జత కుదిరిన రోజు నుంచి ఎక్సెల్ షీటును చదవడానికి మాత్రమే మిగల్చండి. కొన్నాళ్లు అందులో, కొన్నాళ్లు డేటాబేస్‌లో దిద్దుతూ పోతే ఏది సరైనదో మళ్లీ ఎవరికీ తెలియకుండా పోతుంది.